ట్రాలీ విద్యుత్ సాకెట్టుకు స్థానికంగా తయారయ్యే లోహపు కవచం: నిర్మాణం, అమరిక, పరీక్ష

ఉపోద్ఘాతం

వ్యవసాయ ట్రాక్టరు ఏడాదిలో కొంత కాలం పొలంలోను, మరికొంత కాలం రహదారి మీదను పనిచేస్తుంది. వానాకాలం ఆరంభంలో దమ్ము చేసిన ట్రాక్టరే అక్టోబరు నుండి డిసెంబరు వరకు ధాన్యాన్ని కొనుగోలు కేంద్రాలకు, పత్తిని జిన్నింగు మిల్లులకు చేరుస్తుంది. తెలంగాణలో ట్రాలీ అని, కోస్తా జిల్లాల్లో ట్రక్కు అని పిలిచే వెనుక బండికి సొంత విద్యుత్తు ఉండదు. దాని వెనుక దీపాలు, బ్రేకు దీపాలు, ఇండికేటర్లు అన్నీ ట్రాక్టరు వెనుక అమర్చిన ఒక చిన్న సాకెట్టు ద్వారానే వెలుగుతాయి. ఆ సాకెట్టు పగిలినా, అందులో బురద చేరినా, పిన్నులకు చిలుము పట్టినా ట్రాలీ వెనుక భాగం మొత్తం చీకటిలో ఉండిపోతుంది.

ఈ చీకటి ఎంత ప్రమాదకరమో చిన్న లెక్కతో గ్రహించవచ్చు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం వాహనం వెనుక ఎర్ర దీపం 155 మీటర్ల దూరం నుండి కనిపించాలి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న ట్రాక్టరు వెనుక 80 కిలోమీటర్ల వేగంతో ఒక కారు వస్తున్నదనుకుంటే, ఆ రెండింటి మధ్య దూరం సెకనుకు దాదాపు 17 మీటర్ల చొప్పున తగ్గుతుంది. వెనుక దీపం 155 మీటర్ల నుండి కనిపిస్తే కారు నడిపేవారికి 9 సెకన్లకు పైగా వ్యవధి ఉంటుంది. దీపం లేక, కారు డిమ్ లైటు వెలుగులో 50 మీటర్ల దూరానికి వచ్చాక మాత్రమే ట్రాలీ కనిపిస్తే మిగిలేది 3 సెకన్లు. అందులో సగం, ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికే సరిపోతుంది. నవంబరు, డిసెంబరు మాసాల్లో హైదరాబాద్ పరిసరాల్లో సాయంత్రం 6 గంటలలోపే సూర్యాస్తమయమవుతుంది. కోత పూర్తయి ధాన్యం రోడ్డెక్కే వేళ, చీకటి పడే వేళ ఒకటే కావడం ఈ సమస్యను తీవ్రం చేస్తున్నది.

సాకెట్టుకు రక్షణగా రేకుతో, ఇనుప పట్టీతో ఒక కవచాన్ని స్థానిక వెల్డింగు దుకాణంలో తయారు చేయించుకోవడం సులభం. అయితే సరిగా ఆలోచించకుండా చేసిన కవచం నీటిని నిలిపి, తీగను కోసి, ఎర్తును తెంచి మేలుకు బదులు కీడు చేస్తుంది. కవచం దెబ్బను ఆపాలి, కాని నీటిని ఆపి ఉంచకూడదు. ఈ సూత్రం ఆధారంగా తయారీ, అమరిక, పరీక్ష పద్ధతులు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

సాకెట్టు నిర్మాణం, పిన్నుల పని

12 వోల్టుల ట్రాక్టర్లలో సాధారణంగా వాడే 7 పిన్నుల సాకెట్టుకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 1724. దాని ప్రకారం 1వ పిన్ను ఎడమ ఇండికేటరుకు, 2వ పిన్ను వెనుక పొగమంచు దీపానికి, 3వ పిన్ను ఎర్తుకు, 4వ పిన్ను కుడి ఇండికేటరుకు, 5వ పిన్ను కుడి వెనుక దీపానికి, 6వ పిన్ను బ్రేకు దీపాలకు, 7వ పిన్ను ఎడమ వెనుక దీపానికి చెందుతాయి. పొగమంచు దీపం లేని ట్రాలీలలో 2వ పిన్ను ఖాళీగా ఉంటుంది. పాత ట్రాలీలలో మరమ్మతు చేసినవారు తీగలను తమకు తోచిన క్రమంలో కలిపి ఉండవచ్చు. కాబట్టి రంగులను నమ్మకుండా ఒక్కొక్క పిన్నును పరీక్షించి నిర్ధారించుకోవాలి. భారీ లారీలలో 24 వోల్టుల వ్యవస్థ ఉంటుంది. వాటి సాకెట్టుకు 12 వోల్టుల ట్రాలీని కలిపితే బల్బులు మాడిపోతాయి.

ఈ ఏడింటిలో ఎర్తు పిన్ను కీలకమైనది. మిగిలిన పిన్నులన్నింటి విద్యుత్తు దాని ద్వారానే తిరిగి వెళ్తుంది. 5 వాట్ల వెనుక దీపాలు రెండు, 5 వాట్ల నంబరు ప్లేటు దీపం ఒకటి, 21 వాట్ల బ్రేకు దీపాలు రెండు, 21 వాట్ల ఇండికేటరు ఒకటి ఒకేసారి వెలిగితే మొత్తం 78 వాట్లు, అంటే 12 వోల్టుల వద్ద 6.5 ఆంపియర్లు. చిలుము వల్ల ఎర్తు పిన్ను వద్ద కేవలం అర ఓము నిరోధం ఏర్పడితే, ఉజ్జాయింపు లెక్కలో దీపాలకు అందేది 9.4 వోల్టులు. ఫిలమెంటు బల్బు కాంతి వోల్టేజీ కంటే ఎంతో వేగంగా తగ్గుతుంది కనుక వెలుగు సగానికంటే తక్కువకు పడిపోతుంది. పైగా ఆ పిన్ను వద్ద దాదాపు 13 వాట్ల వేడి పుట్టి ప్లాస్టిక్కు మెత్తబడుతుంది. దీపం పూర్తిగా ఆరిపోతే రైతు గమనిస్తాడు. మసకబారితే గమనించడు. అందువల్ల ఈ రెండవ స్థితి మరింత ప్రమాదకరం.

సాకెట్టు పాడయ్యే కారణాలు

మొదటి కారణం దెబ్బ. సాకెట్టు ఉండే చోటనే త్రీపాయింటు లింకేజి చేతులు, టాప్ లింకు, హిచ్ పిన్ను, పీటీఓ షాఫ్టు ఉంటాయి. రోటవేటరు తగిలించేటప్పుడు, ట్రాలీని వెనక్కు ఆనించేటప్పుడు మూత విరగడం సాధారణం. మూత స్ప్రింగు పోయిన నాటి నుండి సాకెట్టు నోరు తెరుచుకొనే ఉంటుంది.

రెండవ కారణం బురద. దమ్ములో ఇనుప చక్రాలు ఎగజిమ్మే బురద నీరు సాకెట్టు లోపలికి చేరి, ఎండిన తర్వాత బంకమట్టి పొరగా మిగులుతుంది. ఆ మట్టి తేమను పట్టి ఉంచుతుంది. గడ్డి, పొట్టు, పత్తి దూది కూడా ఇదే పని చేస్తాయి.

మూడవ కారణం ఎరువులు. దీనికి వ్యవసాయ విద్యార్థులు ప్రత్యేక శ్రద్ధ ఇవ్వాలి. యూరియా 30 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో తేమ సుమారు 73 శాతం దాటగానే నీటిని పీల్చి కరగనారంభిస్తుంది. వానాకాలంలో గాలి తేమ ఈ స్థాయిని దాటడం మామూలే. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో బరువు ప్రకారం దాదాపు 47 శాతం క్లోరైడు ఉంటుంది. దాని ద్రావణం ఇనుమును, ఇత్తడిని కూడా తినివేస్తుంది. కోళ్ల ఎరువు, పశువుల ఎరువు మోసినప్పుడు వెలువడే అమోనియా ఇత్తడికి ప్రత్యేక శత్రువు. ఒత్తిడిలో ఉన్న ఇత్తడి భాగాలు తేమ, అమోనియా కలిసిన చోట పగుళ్లు తీస్తాయని లోహశాస్త్రంలో చిరకాలంగా తెలిసిన విషయమే. సాకెట్టు పిన్నులు ఎక్కువగా ఇత్తడివే. వాటిపై కనిపించే పచ్చని చిలుము ఈ రసాయన చర్యల ఫలితం.

నాలుగవ కారణం తీగ లాగుడు. ప్లగ్గు తీయడం మరచి ట్రాక్టరును ముందుకు నడపడం, మలుపులో తీగ బిగుసుకోవడం, వేలాడే తీగ రోడ్డుకు రాసుకోవడం ఇందులోకి వస్తాయి. లోహపు కవచం మొదటి రెండు కారణాలను బాగా అదుపు చేస్తుంది. మూడవదానిని కొంతవరకే తగ్గిస్తుంది. నాలుగవదానికి తీగ అమరికలోనే పరిష్కారం వెదకాలి.

స్థానిక తయారీకి అనుకూలత

హైదరాబాద్ పాతబస్తీలోని సైదాబాద్‌కు సమీపంలో మాదన్నపేట కూరగాయల మార్కెట్టు, మలక్‌పేట గంజ్ ఉన్నాయి. ఇక్కడి నుండి చంపాపేట మీదుగా సాగే నాగార్జునసాగర్ రహదారి ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ గ్రామసీమలను నగరంతో కలుపుతుంది. ఇటువంటి రహదారుల పొడవునా గ్రిల్లులు, షట్టర్లు, బండి బాడీలు చేసే చిన్న వెల్డింగు దుకాణాలు ఉంటాయి. కవచానికి కావలసిన రేకు, పట్టీ వారి వద్ద పని మిగులుగా పడి ఉండే ముక్కలే. వంచడం, కోయడం, బెజ్జం వేయడం, అతకడం వారికి నిత్యకృత్యం. వారికి తెలియనిది ట్రాక్టరు వెనుక కదిలే భాగాల పరిధి, తీగల క్రమం. ఈ సమాచారాన్ని కొలతలతో సహా రైతు తీసుకువెళ్తే ఒక పూటలో పని పూర్తవుతుంది. విస్తరణ శాస్త్రవేత్త అందించవలసిన సహాయం కూడా ఇదే.

కవచం రూపకల్పన

కవచాన్ని మూసిన పెట్టెలా కాక, బోర్లించిన దొన్నెలా ఊహించుకోవాలి. వెనుక పలక, పై కప్పు, రెండు ప్రక్కలు ఉండాలి. అడుగు భాగం, ప్లగ్గు పెట్టే ముఖం తెరిచి ఉండాలి. నాలుగు వైపులా మూసిన పెట్టెలో లోపలికి చేరిన నీరు బయటకు పోదు. పగటి వేడికి ఆవిరై, రాత్రి చల్లదనానికి రేకు లోపలి వైపు బిందువులుగా పేరుకొని పిన్నుల మీదనే పడుతుంది.

రేకు మందం 2 మిల్లీమీటర్లు, అంటే 14 గేజి మైల్డ్ స్టీలు సరిపోతుంది. అంతకంటే పలుచనిది దెబ్బకు లోపలికి నొక్కుకుపోయి సాకెట్టునే పగలగొడుతుంది. తెరిచిన అంచుల చుట్టూ 25 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం గల పట్టీని అతికిస్తే కవచానికి బిగువు వస్తుంది. పై కప్పును ముందుకు 30 నుండి 40 మిల్లీమీటర్లు పొడిగించి, చివర 15 మిల్లీమీటర్లు క్రిందికి వంచాలి. వర్షపు నీరు ఆ వంపు నుండి జారి సాకెట్టు ముఖానికి దూరంగా పడుతుంది.

సాకెట్టుకు, కవచపు ప్రక్కలకు మధ్య కనీసం 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఈ ఖాళీ వల్ల రేకు కొంత నొక్కుకుపోయినా సాకెట్టుకు తగలదు, చేరిన మట్టిని వేలితో తీసివేయవచ్చు. మూత పూర్తిగా పైకి తెరుచుకొనేంత ఎత్తు అవసరం. ప్లగ్గు పెట్టిన స్థితిలోనే కొలతలు తీసుకోవాలి. ప్లగ్గును నేరుగా వెనక్కు లాగే మార్గానికి కవచం అడ్డు రాకూడదు. తీయడం మరచిన రోజున ప్లగ్గు సూటిగా ఊడి వస్తే నష్టం స్వల్పం. కవచంలో చిక్కుకుంటే తీగ తెగి, సాకెట్టు పెకలించుకొని వస్తుంది.

తయారీ క్రమం

1. ముందుగా అట్టతో నమూనా కత్తిరించి సాకెట్టుపై పెట్టి చూడాలి. లిఫ్టు చేతులను పూర్తిగా పైకి, పూర్తిగా క్రిందికి కదిపి, టాప్ లింకును ఇరుప్రక్కలకు తిప్పి అట్టకు తగలడం లేదని నిర్ధారించుకోవాలి. కవచం పీటీఓ షాఫ్టు రక్షణ తొడుగు ఉన్న చోటికి చొచ్చుకురాకూడదు.

2. అట్ట కొలతలను రేకుపై గీసి కోయాలి. వెనుక పలకలో సాకెట్టుకు, తీగకు, రెండు బోల్టులకు బెజ్జాలు వేయాలి. తీగ బెజ్జంలో తప్పనిసరిగా రబ్బరు గ్రోమెట్టు అమర్చాలి. నున్నగా కనిపించే రేకు అంచు కూడా అదురుకు తీగ తొడుగును కోసివేస్తుంది.

3. అతుకు పని అంతా కవచాన్ని బల్ల మీద పెట్టి ముగించాలి. ట్రాక్టరుపై ఉంచి వెల్డింగు చేయకూడదు. తప్పనిసరైతే బ్యాటరీ ఎర్తు తీగను ముందే విప్పి, వెల్డింగు ఎర్తు క్లాంపును అతుకుకు అతి సమీపంలో బిగించాలి. లేనిచో వెల్డింగు విద్యుత్తు ట్రాక్టరు తీగల గుండా, బేరింగుల గుండా ప్రవహించి వాటిని పాడుచేస్తుంది.

4. అన్ని అంచులను గ్రైండరుతో నున్నగా చేసి, మూలలను గుండ్రంగా మలచాలి. చీకటిలో ప్లగ్గు పెట్టే చేతికి గాయం కాకుండా ఇది అవసరం.

5. తుప్పు, నూనె తొలగించి రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ఒక పూత, ఎనామిల్ రంగు రెండు పూతలు లోపల, వెలుపల వేయాలి. అతుకుల లోపలి వైపు ఎక్కువగా మరచిపోతారు, తుప్పు అక్కడే మొదలవుతుంది.

6. ట్రాక్టరుపై ఇంతకు ముందే ఉన్న సాకెట్టు పట్టీకి 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు, స్ప్రింగు వాషర్లు లేదా నైలాక్ నట్లతో బిగించాలి. వెనుక ఇరుసు తొడుగుకు, హైడ్రాలిక్ గృహానికి కొత్తగా బెజ్జం వేయరాదు.

ఎర్తు విషయంలో జాగ్రత్త

కవచం బిగించిన తర్వాత దీపాలు వెలగడం లేదన్న ఫిర్యాదు వస్తే ముందుగా ఎర్తునే అనుమానించాలి. కొన్ని ట్రాక్టర్లలో సాకెట్టు ఎర్తు, దాని లోహపు పట్టీ ద్వారానే చాసీకి చేరుతుంది. మధ్యలో రంగు వేసిన రేకు వస్తే ఆ మార్గం మూసుకుపోతుంది. 3వ పిన్ను నుండి చాసీకి విడిగా ఒక రాగి తీగ వేసి, చాసీ వద్ద రంగు గీకిన చోట బిగించి, పైన గ్రీజు పూయడం సరైన పద్ధతి. ట్రాలీ వైపు కూడా ఇదే నియమం. హిచ్ పిన్ను ద్వారా ఎర్తు దొరుకుతుందని వదిలివేస్తే, గ్రీజు పూసిన నాడు దీపాలు మిణుకుమంటాయి. బ్రేకు నొక్కినప్పుడు ఇండికేటర్లు సన్నగా వెలగడం, ఇండికేటరు వేసినప్పుడు వెనుక దీపం దానితో పాటు కొట్టుకోవడం ఎర్తు తెగిందనడానికి స్పష్టమైన సూచనలు. దారి దొరకని విద్యుత్తు ఇతర బల్బుల గుండా తిరిగి వెళ్లడం వల్ల ఇలా జరుగుతుంది.

తీగ, ప్లగ్గు అమరిక

ట్రాలీ తీగను హిచ్ దండానికి ఒక క్లాంపుతో బిగించి, లాగుడు బలం క్లాంపుపై పడేలా చూడాలి. క్లాంపు నుండి ప్లగ్గు వరకు వదిలే తీగ, పూర్తి ఎడమ, పూర్తి కుడి మలుపుల్లో బిగుసుకోకుండా, సూటిగా వెళ్లేటప్పుడు నేలకు తగలకుండా ఉండాలి. ఖాళీ స్థలంలో ట్రాక్టరును రెండు వైపులా తిప్పి చూస్తే తప్ప ఈ పొడవు తెలియదు.

ట్రాలీని విడిచినప్పుడు ప్లగ్గును నేల మీద పడవేయడం సర్వసాధారణం. కవచంలోని శుభ్రమైన సాకెట్టులో ఆ మట్టి ప్లగ్గును పెడితే కవచం వల్ల ప్రయోజనం లేదు. ప్లగ్గు పట్టేంత వ్యాసం గల చిన్న ఇనుప పైపు ముక్కకు పై చివర మూసి, క్రింది చివర తెరిచి, హిచ్ దండంపై ఏటవాలుగా బిగిస్తే అది ప్లగ్గుకు ఇల్లవుతుంది. ప్లగ్గు నోరు పైకి, తీగ క్రిందికి ఉండేలా అందులో ఉంచి, జారిపోకుండా తీగను ప్రక్కనే ఒక కొక్కేనికి తగిలించాలి. పైపు పై చివర మూసి ఉండడం వల్ల వర్షపు నీరు పిన్నులకు చేరదు. సాకెట్టు కవచంతో పాటే దీనినీ చేయించుకోవాలి.

పరీక్ష, నిర్వహణ

కొత్తగా బిగించిన వెంటనే టెస్టు బల్బును 3వ పిన్నుకు, మిగిలిన ఒక్కొక్క పిన్నుకు మధ్య పెట్టి, సంబంధిత స్విచ్చు వేసి చూడాలి. ఆ తర్వాత ట్రాలీని కలిపి వెనుక దీపం, బ్రేకు, ఎడమ ఇండికేటరు, కుడి ఇండికేటరు అనే క్రమంలో ఒకరు వేస్తుండగా మరొకరు వెనుక నిలబడి చూడాలి. చివరిగా అన్నీ ఒకేసారి వెలిగించి చూడడం ముఖ్యం. విడివిడిగా బాగా వెలిగి, కలిపినప్పుడు మసకబారితే ఎర్తు పిన్నులో నిరోధం ఉన్నట్లు.

దమ్ము ముగిసిన తర్వాత, ఎరువుల రవాణా తర్వాత సాకెట్టును మంచినీటితో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, పిన్నులపై పెట్రోలియం జెల్లీ పలుచగా రాయాలి. ప్రెజరు గొట్టంతో నేరుగా సాకెట్టులోకి నీరు కొట్టరాదు. చీలిక గల పిన్నులు వదులైతే సన్నని బ్లేడుతో చీలికను కొద్దిగా విప్పవచ్చు. ఫ్యూజు పోయిన చోట తీగ చుట్టడం అగ్ని ప్రమాదానికి దారి తీస్తుంది. కారణం కనుగొని అదే సామర్థ్యం గల ఫ్యూజునే వేయాలి. ఎల్ఈడీ దీపాలు తక్కువ విద్యుత్తు తీసుకుంటాయి కనుక పిన్నుల వద్ద వోల్టేజీ నష్టం తగ్గుతుంది. అయినా తెగిన ఎర్తును అవి కూడా సరిచేయలేవు.

పరిమితులు

కవచం ఎంత బాగున్నా దీపాలు ఏదో ఒక రోజు ఆరిపోయే అవకాశం ఉంటుంది. కాబట్టి విద్యుత్తుతో నిమిత్తం లేని ఎర్రని రిఫ్లెక్టర్లు, ప్రతిఫలించే టేపు ట్రాలీ వెనుక తప్పనిసరిగా ఉండాలి. పత్తి, గడ్డి, చెరకు నింపినప్పుడు సరుకు వెనుకకు వేలాడి దీపాలను, రిఫ్లెక్టర్లను కప్పివేస్తుంది. అప్పుడు విద్యుత్ వ్యవస్థ చక్కగా పనిచేస్తున్నా రోడ్డు మీద ఫలితం శూన్యం. బరువు నింపిన తర్వాత వెనుకకు వెళ్లి చూడడం డ్రైవరు అలవాటుగా మారాలి.

విస్తరణ కార్యక్రమాలకు సూచనలు

గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థులు తమకు కేటాయించిన గ్రామంలోని ట్రాలీలను పరిశీలించి మూత ఉన్నదా, పిన్నులకు చిలుము ఉన్నదా, ఎర్తుకు విడి తీగ ఉన్నదా, నాలుగు దీపాలూ వెలుగుతున్నాయా, రిఫ్లెక్టర్లు ఉన్నాయా అనే ఐదు అంశాలను నమోదు చేయవచ్చు. కోతలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేస్తే కవచం బిగించిన ట్రాలీలకు, బిగించని వాటికి మధ్య తేడా ఆ గ్రామపు లెక్కలతోనే తేలుతుంది. కృషి విజ్ఞాన కేంద్రాల్లో, యంత్రాల అద్దె కేంద్రాల్లో చీకటి పడిన తర్వాత ప్రదర్శన ఏర్పాటు చేయడం మేలు. ఒకే ట్రాలీని మంచి ఎర్తుతో ఒకసారి, చిలుము పట్టిన ప్లగ్గుతో మరొకసారి వెలిగించి, రైతులను 155 మీటర్ల దూరంలో నిలబెట్టి చూపితే తేడా వారికే కనిపిస్తుంది. ఆ ప్రదర్శనకు స్థానిక వెల్డింగు పనివారిని కూడా ఆహ్వానించాలి. రైతు అడిగినప్పుడు కవచానికి అడుగు మూయకూడదని చెప్పవలసినవారు వారే.

ముగింపు

సాకెట్టు కవచం చిన్న పరికరం, దానికి కావలసిన సామగ్రి, నైపుణ్యం ప్రతి మండల కేంద్రంలోను లభిస్తాయి. 2 మిల్లీమీటర్ల రేకు, తెరిచిన అడుగు భాగం, ప్లగ్గు సూటిగా ఊడి వచ్చే మార్గం, విడి ఎర్తు తీగ, ప్లగ్గుకు ప్రత్యేక స్థానం అనే ఐదు అంశాలు పాటించినప్పుడే అది రక్షణ ఇస్తుంది. వరి కోతలు ఆరంభం కావడానికి ముందే, సెప్టెంబరు నెలలో ఈ పని పూర్తి చేసుకొని, ట్రాలీ రోడ్డెక్కే ప్రతి సాయంత్రం దీపాలను పరీక్షించుకోవడం రైతుకు, అతని వెనుక వచ్చే బాటసారికి ఇరువురికీ క్షేమకరం.